సాసరు గ్రేడు

ఆ ఇంట్లో పొద్దున పూట ముగ్గురు మనుషులకి ఒకటే బాత్రూము. కొడుకు బస్సు డిపోలో మెకానిక్కు, అందరికంటే ముందు వెళ్ళిపోవాలి. కోడలు నీటి బిల్లుల ఆఫీసులో రెండో గ్రేడు క్లర్కు, ఆ తర్వాత ఆమె వంతు. అత్తగారికి వెళ్ళాల్సిన పనేమీ లేదు. అయినా ఆవిడే మొదట తయారై, జుట్టు బిగించి ముడి వేసుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. అదే నీటి బిల్లుల ఆఫీసులో టైపిస్టుగా చేసి రిటైరైన మనిషి. ఉద్యోగం పోయినా ఆ వేళకి తయారయ్యే అలవాటు పోలేదు. "ఎవరైనా వస్తే బాగుండొద్దూ?" అంటుంది. పాలవాడు తప్ప ఎవరొస్తారు గనక!

ఆ రోజు మాత్రం నిజంగానే వచ్చారు. ఆఫీసు అటెండరు సైకిలు గోడకి ఆనించి, చేతిలో కవరుతో మెట్లెక్కాడు.

"నమస్తే టైపిస్టమ్మా! బాగున్నారా?"

ఆ పిలుపు విని ఎన్నేళ్ళయిందో! అత్తగారి మొహం చేటంత అయింది. "నేను బాగానే ఉన్నానుగానీ, నీకు జుట్టంతా ఏమైపోయిందయ్యా?"

"ఆఫీసులోనే పోయిందమ్మా. మీ కోడలుగారున్నారా? ఈ కాగితం మీద సంతకం పెట్టించి వెంటనే పట్టుకురమ్మన్నారు పెద్ద మేనేజరుగారు."

"నీళ్ళు పోసుకుంటోంది. ఇలా తే." ఆవిడ కళ్ళజోడు తగిలించుకుని చదివింది. ఒక్కసారి చదివి ఆగలేదు, మళ్ళీ చదివింది. కోడలిని జూనియర్ మేనేజరు గ్రేడులోకి తీసుకుంటున్నారట. ఒప్పుకుంటే కింద సంతకం పెట్టాలట.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, లేకపోతే ఆవిడ చేసిన పని మీకు పిచ్చిపనిలా కనిపిస్తుంది. ఆ ఆఫీసులో మూడో గ్రేడంటే టైపిస్టులు, టపా చూసేవాళ్ళు, రికార్డు గదిలో వాళ్ళు. రెండో గ్రేడంటే కౌంటరు క్లర్కులు. వీళ్ళందరికీ టీ గాజు గ్లాసులో వస్తుంది. జూనియర్ మేనేజరు దగ్గర్నుంచి పైవాళ్ళకి కప్పులో, కింద సాసరు పెట్టి వస్తుంది. ఇది ఎవరూ రాసిపెట్టిన నియమం కాదు, ఎవరూ తప్పిన నియమం కూడా కాదు. అందుకే అత్తగారి లెక్కలో లోకంలో మనుషులు రెండే రకాలు: గ్లాసు వాళ్ళు, సాసరు వాళ్ళు. ఆవిడ ఉద్యోగం చేసినన్నాళ్ళూ గ్లాసు మనిషే.

ఆ ఆఫీసులో ఇంకో అలవాటు కూడా ఉంది. మేనేజరు ఊళ్ళో లేనప్పుడు ఉత్తరాలు ఆగకూడదు కాబట్టి, టైపు చేసిన మనిషే కింద "తరఫున" అని రాసి తన సంతకం గీకి పంపించేసేది. అలా ఎన్ని వందల ఉత్తరాలు పంపిందో ఆవిడకే తెలియదు. ఇప్పుడూ చెయ్యి దానంతటదే కదిలింది. కోడలి పేరు పక్కన "తరఫున" అని రాసి, పొడుగ్గా సంతకం లాగి, కాగితం అటెండరు చేతిలో పెట్టేసింది.

"అమ్మా, పరవాలేదంటారా?" వాడు నసిగాడు.

"నాకు నేర్పొస్తావా? వెళ్ళు వెళ్ళు. ఇంట్లో మాత్రం చెప్పకు. ఆఫీసుకెళ్ళి, సాసరు చూసి ఆశ్చర్యపోవాలి పిల్ల!"

పిల్ల ఆశ్చర్యపోయింది. ఎందుకు పోదూ!

ఆఫీసులో అడుగుపెట్టేసరికి ఆమె బల్ల కౌంటరు వెనకాల లేదు. అద్దాల గది పక్కకి జరిపేశారు. నోటీసు బోర్డు మీద ఆమె పేరు, పక్కన జూనియర్ మేనేజరు అని ఉంది. టీ వచ్చింది, సాసరుతో సహా. చుట్టూ ఉన్న క్లర్కులు ఒక్కరూ తలెత్తి చూడలేదు. కళ్ళజోడక్క అని అందరూ పిలిచే పెద్ద క్లర్కు అయితే, రోజూ తనతో టిఫిన్ డబ్బా పంచుకునే మనిషి, మొహం గోడవైపు తిప్పేసుకుంది.

"అక్కా, నాకేం తెలియదు. ఒట్టు!"

"తెలియకుండానే సంతకం పెట్టావా? నిన్న మెట్ల మీద ఏమన్నావు? ఆ టపా పిల్ల చెయ్యి పట్టుకుని మరీ, నేను మీతోనే ఉంటానన్నావు కదూ? తాగు తాగు, చల్లారిపోతుంది."

కోడలికి తల కొట్టేసినట్టయింది. సంగతేమిటంటే, వచ్చే నెల నుంచి మూడో గ్రేడు మొత్తం ఎత్తేస్తున్నారు. ఆ పనులు ఉంటాయి, ఆ మనుషులే చేస్తారు, కాకపోతే ఇకనుంచి రోజుకూలీ మీద. సెలవుండదు, పింఛనుండదు, రేపు రమ్మంటే రావాలి, వద్దంటే పోవాలి. అది ఒప్పుకునేది లేదని క్లర్కులందరూ కలిసి మర్నాడు కౌంటర్లు తెరవకుండా బయట మెట్ల మీద కూర్చోవాలని తీర్మానించుకున్నారు. మేనేజర్ల గ్రేడులో ఉన్నవాళ్ళు అలా కూర్చోకూడదు, కూర్చుంటే ఉద్యోగం ఊడుతుంది. అందుకని కౌంటరు పని తెలిసిన రెండో గ్రేడు వాళ్ళకి కొందరికి ఉన్నట్టుండి ఈ హోదా కట్టబెడుతున్నారు. మిగతావాళ్ళు పుచ్చుకున్నారు. కోడలు పోయిన వారమే వద్దని నోటితో చెప్పేసింది. ఇంట్లో చెప్పలేదు. అత్తగారికి తెలిస్తే గుండె పగులుతుందని నోరు కట్టేసుకుంది.

పెద్ద మేనేజరు గదిలోకి విసురుగా వెళ్ళింది. "సార్, నేను సంతకం పెట్టలేదు."

ఆయన కాగితం తిప్పి చూపించాడు. "మీ ఇంట్లోనే పెట్టారు కదమ్మా. మీ అత్తగారు ఈ ఆఫీసు మనిషే. కాగితం ఫైల్లో పడింది, మీరు జూనియర్ మేనేజరు. రేపు కౌంటర్లు మీరే నడపాలి. బయట కూర్చున్నారో, ఎల్లుండి నుంచి రానక్కర్లేదు."

అత్తగారి చేతిరాత ఎవరికి తెలియకపోయినా కోడలికి తెలుసు. సరుకుల చీటీల మీద రోజూ చూసేదే. బయటికొచ్చింది. సాయంత్రం దాకా ఆ కొత్త బల్ల దగ్గర కూర్చుంది, ఒక్క కాగితం ముట్టుకోలేదు.

ఇంటికొచ్చేసరికి వంటింటి బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి ఉంది. దాని మీద కొత్త కప్పు, కొత్త సాసరు. అత్తగారు పెళ్ళివారింట్లో తిరిగినట్టు అటూ ఇటూ తిరుగుతోంది. డిపో నుంచి అప్పుడే వచ్చిన కొడుకు, చేతులకి గ్రీజుతోనే నిలబడి, "ఏమిటో ఈ సంబరం! నాకు మాత్రం చెప్పదట," అని నవ్వుతున్నాడు.

"వచ్చావా మేనేజరమ్మా! కూర్చో. టీ నేనే ఇస్తాను. ఇలాంటి కప్పులోనేగా ఇచ్చారు?"

కోడలు బ్యాగు కింద పెట్టలేదు. "అత్తయ్యా, ఆ సంతకం ఎవరు పెట్టమన్నారు మిమ్మల్ని?"

"ఎవరో చెప్పాలేమిటి? నువ్వు స్నానంలో ఉన్నావు, వాడు తొందరపడుతున్నాడు, పెట్టాను. మంచి పనికి మంతనాలెందుకు?"

"నేను వద్దన్నాను దాన్ని! పోయిన వారమే వద్దన్నాను!"

అత్తగారి చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "వద్దన్నావా? ఈ ఇంటికొచ్చే గౌరవాన్ని, నాతో ఒక్క మాటైనా అనకుండా, వద్దన్నావా?"

"నా ఉద్యోగం, నా గ్రేడు. నేను వద్దనుకుంటే వద్దనుకున్నట్టే."

"అబ్బో! నీ ఉద్యోగమట! ఆ ఆఫీసులో అడుగు పెట్టడానికి పరీక్షకి నిన్ను కూర్చోబెట్టింది ఎవరు? పొద్దున్నే లేపి టైపు నేర్పింది ఎవరు?"

"మీరే. కాదన్నానా? నేర్పించారు కాబట్టి నా చెయ్యి మీదవుతుందా? నా బదులు అన్నం తినగలరా మీరు? నా బదులు సంతకం ఎలా పెడతారు?"

"అమ్మా, ఆగవే. నువ్వూ ఆగు," కొడుకు మధ్యలోకొచ్చాడు. "ఇద్దరూ ఒకేసారి స్టార్టు చేస్తే నాలాంటి మెకానిక్కు ఏం వినగలడు? ఒక్కో బండీ వరసగా..."

"నువ్వు నోరుమూసుకో!" ఇద్దరూ ఒక్కసారే అన్నారు. పాపం, వెళ్ళి చేతులు కడుక్కోవడం మొదలుపెట్టాడు.

కోడలికి కోపం ఆగలేదు. "మీకు కావలసింది నా గౌరవం కాదత్తయ్యా. మీకు దక్కనిది నా చేత తెప్పించుకోవాలి, అంతే."

అత్తగారు గరిటె బల్ల మీద ఠక్కున పెట్టింది. "అవును. అంతే. తప్పా? చెప్పు, తప్పా? నీకేం తెలుసే! ఒకసారి మీటింగులో మాటలు రాసుకోవడానికి నన్ను పిలిచారు. కొత్త కుర్రాడు టీ తెచ్చి, తెలియక నా ముందు కూడా కప్పూ సాసరూ పెట్టాడు. నేను చెయ్యి చాచాను కూడా. ఆ బల్ల చివర కూర్చున్నాయన, 'ఆవిడ మూడో గ్రేడయ్యా, తీసెయ్' అన్నాడు. తీసేశాడు. అందరూ చూస్తుండగా నా చేతి కిందనుంచి తీసి, గ్లాసు తెచ్చి పెట్టాడు. నేనది తాగాను. తాగి, ఆ మీటింగు మొత్తం తప్పు లేకుండా రాసిచ్చాను. ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు. ఇదిగో, వీడికి కూడా ఇవాళే తెలుస్తోంది."

కొడుకు కుళాయి కట్టేసి అలాగే నిలబడ్డాడు. కోడలి గొంతు కాస్త తగ్గింది, కానీ వెనక్కి తగ్గలేదు.

"అత్తయ్యా, నాకా సాసరు ఊరికే ఇవ్వడం లేదు. మూడో గ్రేడు ఎత్తేస్తున్నారు. దానికోసం రేపు అందరూ బయట కూర్చుంటుంటే, నేను లోపల కౌంటరు నడపాలి. అందుకిస్తున్నారు."

"ఎత్తేయడమంటే?"

"ఎత్తేయడమే. టైపిస్టులు, టపా, రికార్డులు, అందరూ ఇక రోజుకూలీలు. సెలవులుండవు. పింఛను ఉండదు. ఆ టపా చూసే పిల్లకి మూడో నెల. ప్రసవానికి వెళ్తే తిరిగి రావడానికి సీటుండదు దానికి."

అత్తగారు కుర్చీ లాక్కుని కూర్చుంది. భర్త పోయినప్పుడు ఆవిడకి కొడుకు చంకలో ఉన్నాడు. అత్తింటివాళ్ళు చేతులెత్తేశారు. అప్పుడు ఆవిడని నిలబెట్టింది ఆ ఉద్యోగమే, పేరు చెప్పుకోవడానికే ఆవిడ సిగ్గుపడే ఆ మూడో గ్రేడే. జ్వరమొస్తే సెలవు దొరికింది. పిల్లాడు బడి నుంచి వచ్చే వేళకి ఇంటికి రాగలిగింది. ఇప్పటికీ నెల తిరిగేసరికి పింఛను వస్తోంది కాబట్టే కొడుకు ముందు చెయ్యి చాచకుండా బతుకుతోంది. ఇరుగుపొరుగు ఎవరైనా "ఆఫీసులో ఏం చేసేవారండీ?" అంటే "ఆఫీసు పనేనండీ" అని మాట దాటేసేది. తనకి అన్నం పెట్టినదాన్ని ఇన్నాళ్ళూ దాచుకుంటూ వచ్చింది.

"నాతో ముందే ఎందుకు చెప్పలేదు?" అంది చివరికి.

"మీరు బాధపడతారని."

"ఇప్పుడు పడలేదూ?" అని లేచి, కప్పు సాసరు తోసేసి గదిలోకి వెళ్ళిపోయింది. అన్నానికి పిలిస్తే రాలేదు. కోడలూ తినలేదు. ఇద్దరూ మానేశాక కొడుకొక్కడూ ఏం తింటాడు, ముద్ద కలిపి వదిలేశాడు.

మర్నాడు కోడలు అందరికంటే ముందే లేచి వెళ్ళిపోయింది. ఉద్యోగం పోతే పోయిందని తేల్చుకునే వెళ్ళింది. ఆఫీసు మెట్ల మీద అప్పటికే సగం మంది ఉన్నారు. తను పోయి ఒక చివర కూర్చుంటే, పక్కనున్నవాళ్ళు జరిగి కాస్త దూరం పెట్టారు. కళ్ళజోడక్క మాత్రం అనుమానంగా చూసి, "వేళయ్యాక లేచి లోపలికి పోతావా?" అంది.

"పోను."

"చూద్దాం."

అంతలో స్కూటరు ఆగింది. కొడుకు నడుపుతున్నాడు, వెనకాల అత్తగారు. ఇస్త్రీ చీర, బిగించిన ముడి, చేతిలో సంచి. దిగి, ఎవరినీ పలకరించకుండా మెట్ల మధ్యనుంచి సరాసరి లోపలికి నడిచింది. "అత్తయ్యా! ఎక్కడికి?" అంటూ కోడలు వెనకే పరుగెత్తింది. చూద్దామని మిగతావాళ్ళూ లేచారు.

పెద్ద మేనేజరు గది తలుపు తీసే ఉంది. "రండి రండి," అన్నాడాయన. "కోడల్ని తీసుకొచ్చి మంచి పని చేశారు. కౌంటరు..."

"నేను తీసుకురాలేదు సార్. నిన్న నేను పెట్టిన సంతకం వెనక్కి తీసుకుందామని వచ్చాను. ఆ కాగితం ఇలా ఇప్పించండి."

"అదేమైనా అరువిచ్చిన చెంబా, వెనక్కి తీసుకోవడానికి? సంతకం పడ్డాక పడ్డట్టే."

"పడింది నాది. కింద తరఫున అని ఉంది చూడండి. ఆ పిల్ల పెట్టలేదు, పెట్టమని నాతో అననూ లేదు. మీకూ తెలుసు. తెలిసే ఫైల్లో పెట్టుకున్నారు."

ఆయన మొహం మారింది. "అంటే, హక్కు లేకుండా ఆఫీసు కాగితం మీద సంతకం పెట్టానని మీరే ఒప్పుకుంటున్నారన్నమాట. అది నేరం, తెలుసా? నేను తలుచుకుంటే కేసవుతుంది."

ఆవిడ వెళ్ళి ఆయన బల్లకి ఆనుకుని నిలబడింది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆ గదిలో గుమ్మం దగ్గరే నిలబడిన మనిషి.

"తలుచుకోండి. ఈ కుర్చీలో కూర్చున్నవాళ్ళు ఊళ్ళో లేనప్పుడల్లా వాళ్ళ తరఫున నేనే పెట్టాను సంతకాలు. ఊరందరికీ నీళ్ళ నోటీసులు నా చేతిమీదే వెళ్ళాయి. అప్పుడు నేరం కాలేదేం? మీకు కావలసినప్పుడు మూడో గ్రేడు చెయ్యి చెల్లుతుంది, మీకు అడ్డమొస్తే కేసవుతుందా? పెట్టండి కేసు! అందులో నా హోదా కూడా రాయాలి కదా, చెప్తాను రాసుకోండి. మూడో గ్రేడు టైపిస్టుని. రిటైరయ్యేదాకా మూడో గ్రేడే. మీరు ఎత్తేస్తున్నారే, ఆ గ్రేడు!"

గుమ్మం నిండా జనం. ఆయన అటు చూశాడు, బల్ల మీద ఫైలు చూశాడు. అంతమంది ముందు కేసు మాట మళ్ళీ ఎత్తడానికి నోరు రాలేదు. ఆవిడ ఆగలేదు. ఫైలు తనే తిప్పి, కాగితం తీసి, ఆయన పెన్నుతోనే తన సంతకం మీద అడ్డంగా గీత కొట్టేసింది. గీత వంకరపోయింది. అయినా కొట్టేసింది.

అప్పుడు కోడలు ముందుకొచ్చింది. "సార్, నేను రెండో గ్రేడు క్లర్కుని. నా అంతట నేను చెబుతున్నాను. ఈ రోజు కౌంటరు తెరవను."

"ఇద్దరూ పశ్చాత్తాపపడతారు!"

"ఇంటికెళ్ళి తీరిగ్గా పడతాంలెండి," అంది అత్తగారు. గుమ్మం దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. అది అంటుకుంది. నవ్వుకుంటూనే అందరూ బయటికొచ్చారు. అద్దాల గది పక్క బల్లల దగ్గర కొత్త జూనియర్ మేనేజర్లు తలొంచుకుని కూర్చుని ఉన్నారు. వాళ్ళలో ఒకాయన లేచి, కాసేపు తటపటాయించి, కుర్చీ వెనక్కి నెట్టి వీళ్ళ వెనకాలే నడిచాడు. తతిమ్మావాళ్ళు లేవలేదు.

మెట్ల మీద కళ్ళజోడక్క కోడలి చెయ్యి పట్టుకుని లాగి పక్కన కూర్చోబెట్టుకుంది. "నిన్న అలా అన్నానని ఏమీ అనుకోకు," అని మాత్రం అంది. టపా చూసే పిల్ల అత్తగారికి కుర్చీ తెస్తానని లేచింది.

"కుర్చీలో కూర్చోవడానికి ఇది పేరంటమా? కూర్చో నువ్వు. కడుపుతో ఉన్నదానివి, అటూ ఇటూ పరుగులు పెట్టకు," అంటూ అత్తగారు చీర సర్దుకుని మెట్టు మీదే చతికిలబడింది. కొడుకు డిపోకి వేళవుతోందని స్కూటరు తిప్పుకున్నాడు. వెళ్తూ వెళ్తూ, "ఇద్దరూ ఒకే వైపున్నారుగా, ఇక నాకు బెంగలేదు. పాపం ఆ మేనేజరు సంగతే!" అన్నాడు.

అత్తాకోడళ్ళు ఇద్దరూ కాసేపు వీధిలోకి చూస్తూ కూర్చున్నారు. బిల్లు కట్టడానికి వచ్చినవాళ్ళు మూసిన కౌంటర్లు చూసి, సంగతి అడిగి, కొందరు విసుక్కుని, కొందరు అక్కడే నిలబడి వింటున్నారు.

"అత్తయ్యా, నిన్న చాలా మాటలన్నాను."

"అన్నావు. నేనేం తక్కువ తిన్నానా? నేనూ అన్నాను." ఆవిడ వీధివైపే చూస్తోంది. "మాటల సంగతి వదిలెయ్. నిన్ను అడక్కుండా చేశానే, అది తప్పు. నన్ను అడక్కుండా నా ముందునుంచి తీసేశారని ఇన్నేళ్ళు ఏడ్చాను కదా, నేనూ అదే చేశాను నీకు. అడగాలన్న ఆలోచనే రాలేదు నాకు."

కోడలికి ఏడుపాగలేదు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని భయం, నిన్నటి కోపం, ఈవిడ బల్లకి ఆనుకుని నిలబడ్డప్పుడు తనకి కలిగిన గర్వం, అన్నీ కలిసి పొంగుకొచ్చాయి. ఆవిడ భుజం మీద తలపెట్టి అందరి ముందే ఏడ్చేసింది.

"మీకు భయం వెయ్యలేదా అత్తయ్యా?"

"వెయ్యకేం? కాళ్ళు వణికిపోయాయి, బల్ల ఉంది కాబట్టి పడలేదు." ఆవిడ కొంగుతో కోడలి మొహం తుడిచి, అదే కొంగుతో తన కళ్ళూ ఒత్తుకుంది. "నీ ఉద్యోగం తీసేస్తారంటావా?"

"తీసేస్తారేమో."

"తియ్యనీ. రేపు కూడా కూర్చుంటారా మీరు?"

"కూర్చుంటాం."

"ఎన్నింటికి రావాలి?"

అడిగిందా మాట! ఒకరిని అడిగి చెయ్యడం ఆవిడకి అదే మొదలు. కోడలు కళ్ళు తుడుచుకుంటూ నవ్వి, వేళ చెప్పింది.